అన్న ఫోటో కింద రాసిన మాటలు

మా వాడలో పోరలందరికీ కలిపి ఇంటర్నెట్‌లో ఉన్నది ఒక్కటే ఖాతా. బోధన్ బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్‌లో విడివిడిగా తెరుచుకునే ఓపిక ఎవరికీ లేదు. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. సినిమా ముచ్చట్లు, క్రికెట్ గొడవలు, పండగ శుభాకాంక్షలు అన్నీ దాంట్లోనే. ఖాతాకు పెట్టిన ఫోటో మాత్రం మా అన్నది. పాస్‌పోర్ట్ దరఖాస్తు కోసం స్కాన్ చేయించినది ఆ కంప్యూటర్‌లో ఉండిపోయింది. మాలో ఇంకెవరికీ అలాంటి ఫోటో లేదు. పెట్టిన రోజు అన్న తెర ముందు నిలబడి మురిసిపోయాడు.

"మంచిగనే ఉన్న గదరా. ఉండనియ్యుండ్రి."

అన్న చెరుకు కొట్టడానికి పోయేవాడు. చిన్నప్పుడే బడి మానేశాడు, కంప్యూటర్ ముట్టింది లేదు. దుబాయ్‌లో పని ఏజెంట్ మాట్లాడి పెట్టాడు. పాస్‌పోర్ట్ చేతికి రావడమే మిగిలింది. ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఆ ఎండాకాలం కాలువకు నీళ్లు వదలలేదు. చెరుకు నిలువునా ఎండింది. ఎవరో మా ఖాతా నుంచి మంత్రిని తిట్టి, కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం రమ్మని రాశారు. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

పాస్‌పోర్ట్ విచారణకు పోలీసులు ఇంటికి వస్తారనుకున్నాం. మమ్మల్నే స్టేషన్‌కు రమ్మన్నారు. అవ్వ ప్రార్థన చేసి పంపింది. అక్కడ ఒక పోలీసాయన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి అన్న దరఖాస్తు, రెండోది మా ఖాతా పేజీ. రెండింటి మీదా అదే చొక్కా, అదే నూనె పెట్టి దువ్విన తల.

"గీ ఫోటోలు ఎవలియి?"

"నాయే సార్," అన్నాడు అన్న.

"మరి గీ రాత?"

నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరం. చెప్పవలసినవి వరుసగా చెప్పాను. ఒకటి, ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో కనుక్కోవచ్చు. రెండు, ఎవరి వేలు నొక్కిందో కనుక్కోలేం. మూడు, మా అన్నకు టైపింగే రాదు.

"నెట్‌ల మీరేం రాసినా సూసుకుంట కూసునుడే కొత్త పని వడ్డది మాకు," అన్నాడాయన విసుగ్గా. "నువ్వు నాకు పాఠాలు చెప్తున్నవా?"

"అన్నను కంప్యూటర్ ముందల కూసోవెట్టి సూడుండ్రి సార్," అన్నాను.

కూర్చోబెట్టారు. అన్న మౌస్‌ను గాల్లోకి ఎత్తి, తిప్పి చూశాడు. పోలీసాయన నవ్వాడు.

"రానట్టు కూసునుడు నాక్కూడ వస్తది."

అక్కడితో నా వరుస ముగిసిపోయింది. వచ్చని చేసి చూపించవచ్చు. రాదని ఏం చేసి చూపించాలి?

"దాంట్ల అందరు రాస్తరు సార్," అన్నాను.

"అందరంటె ఎవలు? పేర్లు చెప్పు."

నేను నోరు తెరిచాను. అన్న నా మోకాలు గట్టిగా నొక్కాడు.

"నేనే రాసిన సార్. నీళ్లు లేక కోపంల రాసిన. పోరగాండ్లకేం తెల్వదు."

"గిప్పటిదాంక రాదంటివి?"

"నేర్సుకున్న సార్."

అబద్ధమని ఆయనకు తెలుసు. అయినా అన్న చెప్పినట్టే రాసుకున్నాడు.

కేసు పెట్టలేదు. పాస్‌పోర్ట్ రాలేదు. నిజామాబాద్ ఆఫీసుకు పోయిన ప్రతిసారీ రిపోర్ట్ మంచిగ లేదనేవారు. అర్జీలు పెట్టాను, జవాబు లేదు. ఏజెంట్ ఆ పనికి జక్రాన్‌పల్లి అతన్ని పంపించాడు. ఆ సంగతి విని అవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. వాడలో పోరలు సెంటర్ వైపు రావడం మానేశారు. ఖాతా మూసేద్దామంటే దాచినట్టు అవుతుందని భయం, ఉంచుదామంటే ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. అది అట్లాగే ఉంది, అన్న నవ్వు ముఖంతో.

మిగిలిన చెరుకు కోతలు మొదలయ్యాక ఒకరోజు అన్నే నన్ను సెంటర్‌కు తీసుకుపోయాడు.

"నేర్పు తమ్మీ. నేను రాసిన అనే గద అంటున్నరు. ఒక్క ముక్కన్న రాసుకుంట."

చెరుకాకు గీరిన వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు. తన పేరు పూర్తయ్యాక చాలాసేపు దాన్నే చూశాడు.

"గిది గూడ సూస్తరా?"

"సూస్తరన్నా."

చెరిపే మీట ఏదని అడిగాడు.