మమ్మల్ని ఆడనివ్వని చిన్నమ్మ

గత మంగళవారం పొద్దున మా చిన్నమ్మ కన్నుమూసింది. భివండి దగ్గర టెంఘర్‌లోని ఇంట్లో చపాతీల పిండి కలిపి, గిన్నె మీద మూత పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని బాబాయికి చెప్పి పడుకుంది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆమెకు అరవై నాలుగేళ్లు.

ఆ కబురు వచ్చేసరికి నేను కాశేలిలో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో ఉన్నాను. ఫోన్‌లో తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు, "అక్కా, అమ్మ లేస్తలేదే" అన్నాడు. నేను బంతి కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. చుట్టూ చేరిన వాళ్లకు మావశి పోయిందని మరాఠీలో చెప్పాను. నాకు చిన్నమ్మ అయిన మనిషి మా టీమ్ మొత్తానికీ మావశి. ఎవరూ బట్టలు మార్చుకోలేదు. ఆడుతున్న బట్టలతోనే, దొరికిన ఆటోలు ఎక్కి టెంఘర్ చేరాం.

మా చిన్నమ్మ పేరు పేపర్లలో ఎప్పుడూ రాలేదు. ఒక చెడ్డ సీజన్‌లో ఆమె మా మధ్య ఏం చేసిందో నేను రాయకపోతే ఇంకెవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. భివండిలో ఒక ఆసుపత్రిలో ఫిజియోగా ఇరవై ఎనిమిదేళ్లు పని చేసింది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పవర్‌లూమ్ షెడ్లవాళ్లే. భుజం పట్టేసిన మగవాళ్లు, నూలు కండెలు చుట్టీ చుట్టీ మెడ తిరగని ఆడవాళ్లు. రిటైరై రెండు నెలలైనా కాకముందే మా టీమ్ ఆమె మీద వచ్చి పడింది.

మాది జీతం తీసుకుని ఆడే ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ టీమ్. కాశేలిలో గోదాంలున్న ఒక సేఠ్ ఈ ఆట మీద ఇష్టంతో టీమ్ పెట్టాడు. ఒక గోదాం ఖాళీ చేయించి, గచ్చుకు రంగు వేయించి, రెండు వైపులా బుట్టలు కట్టించి కోర్టు చేశాడు. పన్నెండు మందిమి. ఎక్కువమంది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. భివండి వాళ్లం నేనూ రుబీనా ఇద్దరమే. నేను కెప్టెన్‌ని. నాలుగేళ్ల కిందట మొదటి సీజన్ మొదలైనప్పుడు మమ్మల్ని ఆపేవాళ్లు లేరనుకున్నాం.

రెండో వారంలోనే మా అందరిలో పొడుగైన వైశాలి బుట్ట కింద ఎగిరి, దిగడంలో చీలమండ మడతపడి కూలిపోయింది. ఆ తర్వాతి మ్యాచ్‌లో మా మంచి షూటర్ వేలు విరిగింది. ఇంకొక అమ్మాయికి మోకాళ్ల కింది ఎముకల నొప్పితో మెట్లు ఎక్కడమే కష్టమైంది. నాలుగోది నేను. ప్రాక్టీసులో ఒంటికాలి మీద తిరిగాను. ఒళ్లు తిరిగింది, మోకాలు తిరగలేదు. లోపల ఏదో టక్కుమంది. లిగమెంట్ సగం చినిగిందని, ఏడెనిమిది వారాలు ఆటే వద్దని డాక్టరు అన్నాడు. సరిగ్గా అప్పుడే మా ఫిజియోకు పెద్ద టీమ్ నుంచి పిలుపొచ్చింది, ఆమె వెళ్లిపోయింది. నేను సేఠ్‌కు మా చిన్నమ్మ సంగతి చెప్పాను.

నేత చీర, కాన్వాసు బూట్లు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బాతో చిన్నమ్మ గోదాంకు వచ్చింది. సేఠ్ ఆమెను కిందికీ పైకీ చూసి, బాస్కెట్‌బాల్ ఎప్పుడైనా చూశారా అని హిందీలో అడిగాడు. చూడలేదు గానీ మోకాళ్లు చాలా చూశానని ఆమె చెప్పింది.

మొదటి రోజు ప్రాక్టీసంతా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసింది. అందరూ వెళ్లాక బూట్లు విప్పి, ఉత్త కాళ్లతో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మధ్యలో ఆగి మడమతో రెండు మూడు సార్లు గట్టిగా తొక్కింది. ఏం చూస్తున్నావని అడిగాను.

"కింద సిమెంటే ఉన్నది బిడ్డా. పైన రంగేసిన్రు, అంతే. పొద్దందాక ఎగిరెగిరి దీని మీద దుంకితె కాళ్లు ఏం గావాలె?"

చెక్క ఫ్లోరు వేయించమని ఆమె సేఠ్‌ను అడిగింది. సీజన్ మధ్యలో గోదాం మూయడం కుదరదని ఆయన అన్నాడు. చిన్నమ్మ వాదించలేదు. అయితే ఎగిరే ప్రాక్టీసు సగానికి తగ్గించి, ఉరకడం బడి మైదానంలో మట్టి మీద పెట్టమంది. మా కోచ్ పుణె మనిషి, కష్టజీవి. అసలే ఓడుతున్న టీమ్‌కు ప్రాక్టీసు తగ్గించమనేసరికి ఆయన ముఖం మాడిపోయింది. అయినా ఒప్పుకున్నాడు. తర్వాత వరసగా రెండు మ్యాచ్‌లు ఓడిపోయాం. మావశి వచ్చి పిల్లల్ని సుకుమారం చేసేసిందని ఎవరో అన్నారు. అది ఆమె చెవిన పడిందని నాకు తెలుసు. అయినా ప్రాక్టీసు పెంచనివ్వలేదు.

ఎవరినైనా ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకునేది. ఎక్కడ నొప్పి అని అడిగే ముందు పొద్దున ఏం తిన్నావని అడిగేది. పని మొదలుపెట్టేటప్పుడు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. రుబీనా కూడా ఆట ముందు తన దువా చదువుకునేది. ఇద్దరిలో ముందు అయిపోయినవాళ్లు రెండోవాళ్ల కోసం ఆగేవాళ్లు. నొప్పి లేదని మేం అబద్ధం చెబితే ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. "నొప్పి పగోడు గాదు బిడ్డా, కబురు తెచ్చేటోడు. తరుముతె కబురు ఎట్ల అందుతది?" అనేది. నాకోసం తెలుగులో అని, మిగతావాళ్ల కోసం మళ్లీ తన బొంబాయి హిందీలో చెప్పేది.

దెబ్బలు తగిలినవాళ్లను ఇంటి దగ్గర ఉండనివ్వలేదు. రోజూ రమ్మనేది. "మానుడు గూడ పనే" అనేది. వేలు విరిగిన షూటర్ చేత ఎడమ చేత్తో బంతి వేయించింది. కాలికి కట్టుతో ఉన్న వైశాలిని కుర్చీలో కూర్చోబెట్టి, బుట్ట కింద ఎక్కడ నిలబడాలో రుబీనాకు నేర్పమంది. అప్పటిదాకా రుబీనాకు మ్యాచ్‌లో రెండు మూడు నిమిషాల కంటే ఆట దొరికేది కాదు. వైశాలి కుర్చీలోంచి నాగపూరు యాసలో అరిచేది, రుబీనా చెమటలు కారుతూ అటూ ఇటూ జరిగేది. నన్ను మాత్రం గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి నిలబెట్టేది. తొడలు వణికేవి. ఆమె కదలకుండా ఎదురుగా కూర్చునేది.

అట్లా పడుతూ లేస్తూ ఆఖరి లీగ్ మ్యాచ్ దాకా వచ్చాం. అది గెలిస్తే మొదటి నాలుగు టీముల్లో ఉంటాం. ఈలోగా ఇంకొక అమ్మాయికి దెబ్బ తగిలి, ఆడగలిగినవాళ్లు ఏడుగురే మిగిలారు. నా మోకాలికి అది ఐదో వారం. నడుస్తున్నాను, నెమ్మదిగా ఉరుకుతున్నాను. కోచ్ వచ్చి ఆడగలవా అంటే ఆడతానన్నాను. సేఠ్ కూడా ఫోన్ చేసి కెప్టెన్ లేకుండా ఎట్లా అన్నాడు. కాకపోతే దెబ్బ తగిలిన మనిషి ఆడాలంటే ఫిజియో సంతకం ఉండాలి.

మ్యాచ్ ముందు రోజు మధ్యాహ్నం చిన్నమ్మ నన్ను ఒంటికాలి మీద ముందుకు గెంతమంది. బాగున్న కాలు ఎంత దూరం వచ్చిందో సుద్దతో గీత గీసింది. తర్వాత దెబ్బ తగిలిన కాలు. మూడు సార్లు గెంతించింది. మూడు సార్లూ గీతకు జానెడు ఇవతలే పడ్డాను. దిగిన ప్రతిసారీ మోకాలు లోపలికి వంగింది. ఆమె చేతుల సుద్ద దులుపుకుని తల అడ్డంగా ఊపింది.

"జానెడే గద తక్కువైంది చిన్నమ్మా. పట్టీ కట్టుకొని ఆడుత."

"ఆడవు."

నాకు కోపం ఆగలేదు. "నాకు ముప్పై ఏండ్లు రావట్టె. ఇసొంటి మ్యాచ్ మల్ల వస్తదా? నీకేం ఎరుక? నువ్వెన్నడన్న ఆడినవా?"

గోదాంలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. భాష తెలియకపోయినా మాట తీరు తెలుస్తుంది కదా. చిన్నమ్మ కింద గీతల పక్కనే కూర్చుంది. "మీ తాత ఏ చెయ్యితోని తల దువ్వుకుంటుండె, యాదికున్నదా?" అని అడిగింది.

ఎడమ చేత్తో. తాతది ఎడమచేతి వాటమనే నేను అనుకున్నాను. కాదట. సాంచె, అంటే మరమగ్గం, నడుపుతుంటే దాని కట్టె వచ్చి కుడి భుజానికి తగిలిందట. నెల రోజులు చెయ్యి ఎత్తొద్దని డాక్టరు చెప్పాడట. అప్పుడు షెడ్డుకు పెద్ద ఆర్డర్ వచ్చి ఉంది. షెడ్డు యజమాని చెడ్డవాడేం కాదు, ఎట్లుందో చూసి రమ్మని మనిషిని పంపాడంతే. తాత నాలుగో రోజే పనిలోకి వెళ్లాడు. ఆ తర్వాత ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు.

"ఎవ్వలు బలిమి చెయ్యలే బిడ్డా. ఆయన్నే పోయిండు. నాకప్పుడు పదహారేండ్లు, గడప కాడ్నే నిలబడ్డ. పోకు బాపూ అని ఒక్క మాట అనకపోతి." ఆమె గొంతు పెంచలేదు. "ఇయ్యాల అంటున్న. నువ్వు తిట్టినా అంట."

ఆ మాటతో నా మనసు కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. నేను ఆమెతో మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయాను. సేఠ్ మళ్లీ ఫోన్ చేసి, ఇంకొక ఫిజియోతో సంతకం చేయిస్తానని ఆమెతో అన్నాడట. చిన్నమ్మ, తీసుకురండి, గీతలు చెరపకుండా ఉంచాను, ఆయన కూడా చూస్తాడు అందట. చివరికి గీతలు చూడటానికి కోచ్ ఒక్కడే వచ్చాడు. వాటి మధ్య తన పాదం పెట్టి కొలుచుకున్నాడు. నన్ను బెంచీ మీదే కూర్చోబెడతానని ఆమెతో చెప్పి వెళ్లిపోయాడు.

మ్యాచ్ థానేలో జరిగింది. నేను బెంచీకి ఒక చివర, చిన్నమ్మ రెండో చివర. నా స్థానంలో ఆడాల్సిన అమ్మాయి తడబడుతూనే బంతి పట్టింది. బుట్ట కింద మాత్రం రుబీనా గోడలా నిలబడింది. అవతలి టీమ్ సెంటర్ ఆమె కంటే చాలా పొడుగు. అయినా బంతి ఎక్కడ పడుతుందో రుబీనాకు ముందే తెలిసినట్టు ఉండేది. వైశాలి కర్ర పట్టుకుని నిలబడి ఆగకుండా అరుస్తోంది. మూడో క్వార్టర్ అయ్యేసరికి మేమే ముందున్నాం. నేను నాకు తెలియకుండానే బెంచీ మీద జరిగి జరిగి చిన్నమ్మ పక్కకు చేరాను. ఆఖరి నిమిషాల్లో ఏడుగురికీ ఊపిరి చాలలేదు. మూడు పాయింట్లతో ఓడిపోయాం.

నేను ముఖానికి తువ్వాలు కప్పుకుని ఏడ్చాను. చిన్నమ్మ నా దగ్గరికి రాలేదు. ఆడిన ఏడుగురినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చీలమండలు, మోకాళ్లు తడిమి చూసింది. అందరూ అయ్యాక నా పక్కన కూర్చుంది. "ఏడుగురు పోయిన్రు, ఏడుగురు నడుచుకుంట వచ్చిన్రు" అంది. ఆ సీజన్‌లో చిన్నదో పెద్దదో దెబ్బ ఎవరికీ తగలని మ్యాచ్ అదొక్కటేనని అప్పుడు నాకు తట్టింది.

సేఠ్‌కు కూడా తట్టినట్టుంది. సీజన్ అయిపోయిన నెలలోనే గచ్చు మీద చెక్క పరిపించాడు. దెబ్బలు తగలడం మా రాత అనుకున్నాను, మావశి చెప్పినా గచ్చు సంగతి ఆలోచించనే లేదని కోచ్‌తో అన్నాడట. చిన్నమ్మ మళ్లీ బూట్లు విప్పి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, బాగుందని చెప్పింది.

నన్ను మళ్లీ గెంతనిచ్చింది దెబ్బ తగిలిన పదో వారంలో. ఆ రోజు రెండు కాళ్లూ ఒకే గీత మీద దిగాయి. అన్న మాటకు క్షమించమని అడగబోయాను. "చిన్నమ్మా, ఆ దినం…" అంటుంటే, "ముందుగాల ఇంకోపాలి ఎగురు" అంది. ఆ తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు. రావాల్సిన అవసరమూ కనిపించలేదు.

రెండో ఏడు పన్నెండు మందిమీ సీజన్ అంతా ఆడాం, మొదటి నాలుగు టీముల్లో నిలిచాం. పోయినేడు ఫైనల్ దాకా వెళ్లాం. కప్పు ఇంకా రాలేదు. ఇప్పుడు కెప్టెన్ రుబీనా. నాకు ముప్పై మూడేళ్లు, ఇంకా ఆడుతున్నాను. ఆ ఒక్క మ్యాచ్ ఆడి ఉంటే అదే నా ఆఖరిది అయ్యేదేమో. దాని తర్వాత ఎన్ని ఆడానో నేను లెక్కపెట్టుకోలేదు.

బుధవారం సమాధుల తోటకు పుణె నుంచి కోచ్ వచ్చాడు. సేఠ్ వచ్చాడు. షెడ్లలో షిఫ్టు మార్చుకుని వచ్చిన పనివాళ్లు చాలామంది వచ్చారు, వాళ్లెవరో మాకు తెలియదు. పాస్టరు గారు ప్రార్థన ముగించాక కూడా ఎవరూ తొందరగా కదలలేదు.

శనివారం సాయంత్రం బాబాయిని చూద్దామని టెంఘర్ వెళ్లాను. వాళ్ల ముందు గదిలో చిన్నమ్మ రోజూ సాయంత్రం గల్లీ ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా వైద్యం చేసేది. అరుగు మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఇద్దరికి సంగతి తెలుసు, ఊరికే వచ్చి కూర్చున్నారు. మూడో ఆమె మరాఠీ ముసలామె, ఊరి నుంచి అప్పుడే దిగింది. మావశి ఇంకా రాలేదా అని అడిగింది. బాబాయి చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క గల్లీలో సాంచెలు ఆడుతున్నాయి.

తర్వాత ఆమె లేచి లోపలికి వచ్చింది. గోడకు చుట్టి పెట్టిన చాప తనే పరుచుకుని, వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న కాలు మెల్లగా పైకి ఎత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చిన్నమ్మ ఎవరితో ఏ భాష మాట్లాడినా, లెక్క మాత్రం తెలుగులోనే పెట్టేది. ఈ ముసలామెకు తెలుగులో వచ్చింది ఆ పది మాటలే. "ఒకటీ, రెండూ, మూడూ" అంటోంది. మిగతా ఇద్దరూ వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నారు. ఎనిమిది దగ్గర కాలు వణికింది. ఆమె కాలు దించలేదు. ఊపిరి పీల్చుకుని, మళ్లీ "ఎనిమిదీ" అంది.