గేదె కడుపులో పెళ్లి అన్నం

పెళ్లిపందిరి వెనక పారబోసిన అన్నం ఎండకు పులిసి వాసన కొడితే నా కాళ్లు ఇప్పటికీ ఆగిపోతాయి. మొన్న నరసన్నపేటలో అలాగే ఆగిపోయాను. పైడిరాజు గారు గుర్తొచ్చారు. గజపతినగరం దగ్గర పశువైద్యురాలిగా నేను కొత్తగా చేరినప్పుడు ఆయన నా పై డాక్టరు.

చేరిన రెండో నెలలో, ఆయన ఊళ్లో లేని రోజున, అప్పలనరసమ్మ అనే రైతు పరుగున వచ్చింది. ఈని పది రోజులైన గేదె పొద్దున్నే పడిపోయిందట. వెళ్లి చూశాను. లేవడం లేదు, నెమరు వేయడం లేదు, చెవులు చల్లబడ్డాయి. ఈనిన గేదెలు కాల్షియం తగ్గి ఇలా పడిపోతాయని చదువుకున్నదాన్ని. కాల్షియం ఎక్కించి, సాయంత్రానికి లేస్తుందని ధీమాగా చెప్పి వచ్చేశాను. సాయంత్రానికి అది చచ్చిపోయింది.

మర్నాడు పైడిరాజు గారు కారణం చూద్దామని పొట్ట కోశారు. పుల్లటి వాసన గుప్పుమంది. గడ్డి ఉండాల్సిన చోట తెల్లటి అన్నం, నురగ కట్టిన నీళ్లు.

"పెళ్లి కాడ మిగిలినాది బాబూ. పాలిస్తన్నాది కదా అని రెండు బాల్చీలు పెట్టినాను. ఆశగా తినీసినాది," అంది అప్పలనరసమ్మ. అంతలోనే ఆవిడ ముఖం పాలిపోయింది. "అన్నం తింటే సచ్చిపోద్దా? అయితే నానే సంపేసినానా?"

"నువ్వు కాదమ్మా. మాం జబ్బు పోల్చుకోలేకపోనాం. తప్పు మాది," అన్నారాయన, ఆవిడ ముందు తల వంచి.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "ఆవిడకు అబద్ధం ఎందుకు చెప్పారు సార్?"

ఆయన బండి ఆపారు. "అబద్ధమేటమ్మా? గేదె పొట్టలో కంటికి కనబడని పురుగులుంటాయి. గడ్డిని అరిగించేవి అవే. ఒక్కసారి అంత అన్నం పడితే పొట్టంతా పులిసి యాసిడ్ అయిపోద్ది. ఆ పురుగులు సచ్చిపోతాయి, యాసిడ్ నెత్తురులోకి ఎక్కీసి గేదె పడిపోద్ది. నువ్వెళ్లినప్పుడే పొట్ట కోసి ఆ అన్నం తీసీసుంటే బతికేదేమో. దానికేటి పెట్టావని ఆవిడ్నడిగినావా?"

అడగలేదు.

తర్వాత ఆయనే ఆ ఊరు వెళ్లి, మిగిలిన అన్నం పశువులకు అలా పెట్టవద్దని ఇంటింటికీ చెప్పి వచ్చారు. అప్పలనరసమ్మ పేరు ఎక్కడా ఎత్తలేదు. నా పేరూ ఎత్తలేదు.

ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఏ పాకలోకి వెళ్లినా, సిరంజి తీసే ముందు ఆ పశువు నిన్నటి నుంచి ఏం తిన్నదో పూటపూటకూ చెప్పించుకుంటాను. కొందరు విసుక్కుంటారు. పైడిరాజు గారు ఆ రోజు నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే, ఏడ్చి మర్చిపోయేదాన్ని.