మెత్తది నీకు, గట్టిది నాకు

నిన్న పొద్దున సరళ చనిపోయింది.

మొయినాబాద్‌లో, మా ఇంట్లో, కిటికీ పక్కన మంచం మీద. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి ఊపిరి బాగా మెల్లబడింది. కప్పు కింద పెట్టి చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆగిపోయింది.

ఇది జరుగుతుందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. అయినా లేచి వంటింట్లోకి వెళ్లి, స్టవ్ ఆఫ్ చేశానో లేదో చూసి వచ్చాను. మళ్లీ వెళ్లి చూశాను.

మధ్యాహ్నం సురంగల్‌లో, తన అమ్మానాన్నల పొలం దగ్గరే అంత్యక్రియలు అయ్యాయి. ఫోన్లు ఎత్తలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎలా ఉన్నావని చాలామంది మెసేజ్ పెట్టారు.

నిజం చెప్తాను. తేలికగా ఉంది. క్యాన్సర్ వెన్నులోకి దిగాక తను పక్కకు తిరగాలన్నా పళ్లు బిగపట్టేది. ఇప్పుడు ఆ నొప్పి లేదు. నిన్న తన ముఖం చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది.

సరళను ఆఫీసులో మాత్రమే చూసినవాళ్లకు తను టెస్టింగ్ టీమ్ లీడ్. అంతకుముందు తను సురంగల్ పూలతోట అమ్మాయి. ఇంజినీరింగ్ చదువుతూనే వాళ్ల బాపు పూలబండిని మార్కెట్‌కు నడిపింది. గుంటూరు నుంచి వచ్చిన నాకు పెళ్లయిన కొత్తలో కారు నేర్పింది కూడా తనే.

గచ్చిబౌలిలో రోజుకో అద్దాల బిల్డింగ్ లేస్తున్న కాలం. టీమ్‌లో అందరూ లోన్ పెట్టి కొత్త కార్లు తీసుకుంటుంటే తను పాత ఎర్ర కారు ఒకటి వెతికి పట్టుకొచ్చింది. ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తిన మోడల్. ఇంజన్ బాగుంది. సస్పెన్షన్ పూర్తిగా అయిపోయింది. బ్రేక్ వేస్తే ముక్కు నేలకు వంగేది, మలుపులో ఒళ్లంతా ఊగేది.

కొత్త షాక్ అబ్జార్బర్లు ఎలాంటివి వేయాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద గొడవ. మన రోడ్లకు మెత్తవే మేలని నేను. మెత్తవి వేస్తే ఈ కారు ఎందుకని తను. చివరికి అడ్జస్టబుల్ సెట్ తెప్పించింది. ఒక్కో దాని మీద ఒక నాబ్. ఒకవైపు తిప్పితే మెత్తన, ఇంకోవైపు తిప్పితే గట్టి.

"పొద్దంత కుర్చీల కూసునే నడుము నీది. మెత్తది నీకు, గట్టిది నాకు. ఇగ లొల్లి లేదు."

చేవెళ్లలో మెకానిక్ యాదన్న షెడ్డులో ఫిట్ చేయించాం. తిరిగి వస్తుంటే బండరాయి మీద కూర్చున్నట్టే ఉంది. నాబ్ ఎటు తిప్పినా అంతే. తప్పుడు సెట్ కొన్నామని నేను తేల్చేశాను. తను బండి వెనక్కి తిప్పింది.

షెడ్డులో గుంతలోకి దిగి కింద నుంచి చూసింది.

"యాదన్నా, బండి జాకీల మీద ఏలాడుతుంటెనే బోల్టులు బిగిచ్చినవా?"

"అవు చెల్లె. గట్లనే బిగిస్తం గద."

"అందుకే బండి కిందికి దిగంగనే కీళ్లకాడి రబ్బరు బుష్‌లు మెలిపడ్డయి. మొత్తం వదులు చెయ్యి. నేల మీద, మనుషుల బరువుతోని బిగియ్యాలె."

మనుషులంటే నేను ఒక్కణ్నే ఉన్నాను. ఫోన్ చేసి వాళ్ల అమ్మానాన్నలను, అదే అవ్వను, బాపును, పిలిపించింది. ముగ్గురం కారెక్కి కూర్చున్నాం. కింద గుంతలో యాదన్న, పక్కన టార్చ్ పట్టుకుని సరళ.

"బండి నడువకపోతే కూసునుడెందుకు బిడ్డా?" అని అవ్వ.

"బరువుకు అవ్వా. నువ్వు జర కదలకు."

ఫోటో స్టూడియోలోలా ముగ్గురం బిగుసుకుపోయాం. సరళ నా అద్దం మీద తట్టింది.

"ఊపిరి బిగపట్టకయ్యా. రోజూ ఎట్ల కూసుంటవో గట్లనే కూసో."

సాయంత్రం ఇంటికి వస్తుంటే స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ ఒకే మాట అంది.

"ఇప్పుడు కారు లెక్క ఉన్నది."

ఆ తర్వాత ఆదివారాలు చిల్కూరు మలుపులు తనవి, గట్టి సెట్టింగ్‌లో. నేను సీటు అంచు పట్టుకునేవాణ్ని. తను నవ్వేది.

జబ్బు వచ్చాక స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా పైన హ్యాండిల్ పట్టుకుని కళ్లు మూసుకునేది. ఒక రోజు చెప్పకుండా నాలుగు నాబ్‌లూ పూర్తిగా మెత్తవైపు తిప్పేశాను. గల్లీ దాటకముందే కనిపెట్టింది.

"మెత్తగ చేసినవా?"

"చేశాను."

"పడవ లెక్క ఉన్నది." సీటుకు తల ఆనించింది. "మంచిగనే ఉన్నది. కనీ నేను పోయినంక గిట్లనే ఉంచకు."

పోయిన వారం డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. అంబులెన్సే మంచిదని అందరూ అన్నారు. తను మన కారులోనే వస్తానంది. నేను సరేనన్నాను కానీ చాలా భయపడ్డాను. దారి మధ్యలో నొప్పి వస్తే పక్కన నర్సు లేదు, ఏమీ లేదు. తీసుకున్న నిర్ణయం నాది.

సీటు వెనక్కి వాల్చి దిండ్లు పెట్టాను. మెల్లగా నడిపాను. మొయినాబాద్ ముందు స్పీడ్‌బ్రేకర్లు వరుసగా వస్తాయి. మొదటిది ఎక్కించి తన వైపు చూశాను.

నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

రెండోది. మూడోది. నిద్రపోతూనే ఉంది.

గేటు ముందు ఇంజన్ ఆపితే కళ్లు తెరిచింది.

"అప్పుడే వచ్చినమా?"

ఎన్నో నెలల తర్వాత తను ఒక రోడ్డును నొప్పి లేకుండా దాటింది. నన్ను నిలబెడుతున్నది ఆ మాటే. నాకోసం సానుభూతి వద్దు. తన గురించి మీకు గుర్తున్నది ఏదైనా ఉంటే కింద రాయండి. అవ్వకు, బాపుకు చదివి వినిపిస్తాను.

వెళ్లిరా సరళా. ఇక ఏ కుదుపూ లేదు. హాయిగా నిద్రపో.

రేపు మూడో రోజు. తన పేరున పిట్టకు ముద్ద పెట్టడానికి సురంగల్ వెళ్లాలి. పొద్దున్నే బానెట్, డిక్కీ తెరిచి నాలుగు నాబ్‌లూ మళ్లీ గట్టివైపు తిప్పుతాను. చిల్కూరు మలుపుల మీదుగా వెళ్తాను.