క్లచ్చక్క ఇల్లు చూడబోయిన రోజు

ఆవిడ వృత్తి కారు నడపడం నేర్పడం. "క్లచ్ వదలకమ్మా, క్లచ్ వదలకు" అని పొద్దున లేస్తే అదే పాట కాబట్టి ఊళ్ళో అందరికీ ఆవిడ క్లచ్చక్క అయింది. ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు. అయినా ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకునేది.

భర్త పోయి చాలా ఏళ్ళయింది. మంచివాడు. భార్య కారు నేర్పుతానంటే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నప్పుడు, పాత కారొకటి కొని, పక్క సీటు దగ్గర రెండో బ్రేకు దగ్గరుండి పెట్టించిన మనిషి. ఒక్కగానొక్క కూతురు చదువైపోయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది.

యాభై దాటాక ఆవిడ జీవితంలోకి కళ్ళజోళ్ళ షాపాయన వచ్చాడు. పెళ్ళి ఊసెత్తకుండా అద్దాలు సానబడుతూ వయసు గడిపేసిన మనిషి. మిగతా చోట్ల నేర్పేవాళ్ళు తిడుతున్నారని ఆవిడ దగ్గర చేరాడు. లైసెన్సు వచ్చాక కూడా క్లాసులు మానలేదు.

"మీకింక నేర్పడానికేం లేదండీ" అని ఆవిడ అంటే, "రివర్స్ ఇంకా కుదరడం లేదు టీచరుగారూ" అనేవాడు.

ఆ రివర్స్ కుదరకుండానే ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు.

"నువ్వు బాగుంటే చాలమ్మా" అంది కూతురు ఫోనులో. ఊరు అంత తేలిగ్గా తీసుకోలేదు. వీధిలో వెళ్తుంటే మాటలు ఆగిపోయేవి, దాటాక మళ్ళీ మొదలయ్యేవి. బావగారు, అంటే పోయినాయన అన్నగారు, గుమ్మం బయటే నిలబడి, "జరిగిందేదో జరిగింది. ఇంకెక్కడికైనా వెళ్ళి ఉండండి. మా తమ్ముడి పేరు నలుగురి నోళ్ళలో నానకూడదు" అన్నారు.

కొత్తాయనకి గొడవంటే గిట్టదు. "మనల్నెవరూ ఎరగని చోటికి పోదాం టీచరుగారూ" అన్నాడు. కారు ఎక్కడైనా నేర్పుకోవచ్చు కదా అని ఆవిడా సరేనంది.

అలా ఒక ఆదివారం ఆ రెండు బ్రేకుల కారులోనే పొద్దున్నే బయల్దేరి ఒక చిన్న నగరానికి వెళ్ళారు. నగరం ఆవిడకి నిజంగానే నచ్చింది. వెడల్పాటి రోడ్లు, మార్కెట్టు దగ్గర కూడా పెద్దగా హారన్ల గోల లేదు. ఊరి చివర ఖాళీ మైదానం చూసి, "కారుతో ఎనిమిది అంకె వేయించడానికి భలే ఉంటుంది" అంది. ఆయనేమో ఆసుపత్రి పక్కన మూసి ఉన్న షాపొకటి చూసి, అందులో అద్దాల బీరువా ఎక్కడ పెట్టాలో కూడా అప్పుడే నిర్ణయించేసుకున్నాడు.

మొదట చూసిన ఇంట్లో గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి. రెండోది మేడ మీద వాటా. రెండు గదులు, వీధి కనిపించే వంటిల్లు, గాలి ఈ చివర నుంచి ఆ చివరకి కొడుతోంది. ఇంటావిడ మర్యాదస్తురాలు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"పిల్లలెంతమంది?"

క్లచ్చక్క నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఒక్కతే అమ్మాయండీ. అంతా వాళ్ళమ్మ పోలికే. ముక్కు మాత్రం నాది."

ఇంటావిడ నవ్వింది. క్లచ్చక్క మాత్రం నవ్వలేదు. ఆ ముక్కు పోయినాయనది. పురిటి మంచం పక్కన నిలబడి, "పాపం, ఇది కూడా నాదే వచ్చింది" అని ఆయన తెగ బాధపడిపోయిన ముక్కు.

గ్లాసు కింద పెట్టింది. "అమ్మాయి మా మొదటాయన కూతురండీ. ఆయన పోయారు. ఈయన్ని ఈ మధ్యే చేసుకున్నాను."

ఇంటావిడ మొహంలో నవ్వు కాసేపు ఎటూ పోలేక అలాగే ఉండిపోయింది. "మా అబ్బాయిని ఒక మాట అడిగి చెప్తానండీ" అంది.

మెట్లు దిగాక ఆయన నసిగాడు. "ఆ ఒక్క మాట పట్టించుకోకుండా ఉంటే పోయేది. బంగారంలాంటి ఇల్లు."

"ఇవాళ ముక్కు నాది అన్నారు. రేపు అమ్మాయి వస్తే మిమ్మల్ని నాన్నా అని పిలవమంటారా? ఆయన ఫొటో ఏ పెట్టెలో దాచమంటారు?"

"ఆయన్ని తీసేయాలని కాదు టీచరుగారూ. మిమ్మల్ని ఎవరూ ఒక మాట అనకూడదని."

"అననివ్వండి. ఆయనతో కాపురం చేశాను, మీతో చేస్తున్నాను. రెండింట్లో ఏదీ దొంగతనం కాదు. నేనెందుకు ఊరు వదలాలి?"

ఆయన కారు తాళం తీశాడు. "సరే, మీ బావగారి ముందు నేనేం మాట్లాడాలో చెప్పండి" అన్నాడు.

"ఏం మాట్లాడక్కర్లేదు. నా పక్కన ఉండండి చాలు."

సాయంత్రం సొంతింటికి పోకుండా తిన్నగా బావగారి ఇంటికే వెళ్ళారు. ఆయనలా ఆవిడ గుమ్మం బయట నిలబడలేదు. లోపలికెళ్ళి కూర్చుంది.

"మేం ఎక్కడికీ వెళ్ళడం లేదు బావగారూ. మీ తమ్ముడి ఫొటో ముందు గదిలో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఈయనా ఆ గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటారు. మీరెప్పుడొచ్చినా కాఫీ ఇస్తాను. రాలేనంటే మీ ఇష్టం."

"పరువన్నది ఒకటుంటుందమ్మా."

"ఉంది. నాది నా దగ్గరే ఉంది. మీ తమ్ముడికి కావలసినంత ఆయన బతికున్నప్పుడే ఇచ్చాను."

బావగారు కిటికీ వైపు తిరిగారు. కళ్ళజోళ్ళాయన మాత్రం ఆవిడ పక్క కుర్చీ వదల్లేదు.

తర్వాత ఆ మేడ ఇంటావిడ ఫోను చేసింది. అబ్బాయి ఒప్పుకున్నాడట, కాకపోతే కింద వాటావాళ్ళకి ఈ సంగతి చెప్పకుండా ఉంటే బాగుంటుందట.

"వద్దులేండి. చెప్పుకుని ఉండే ఇల్లు మాకొకటి ఉంది" అంది క్లచ్చక్క.

ఆ ఏడు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గారు. కొందరు దారిలో కనిపిస్తే ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడే పేరు పెట్టి పిలిచి మరీ పలకరించేది. దాంతో తప్పించుకోవడం వాళ్ళకే కష్టమైపోయింది. బావగారు ఇప్పటికీ రారు. వాళ్ళ పెద్ద కోడలు మాత్రం ఒక పొద్దున వచ్చి, "అత్తయ్యా, నాకు కారు నేర్పుతారా? మామయ్యగారికి చెప్పే వచ్చాను" అంది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"అయితే ఎక్కు" అంది క్లచ్చక్క, పక్క సీటులో కూర్చుంటూ. "అద్దం సరిచేసుకో ముందు."