కిమ్చీ పెట్టే రోజు మీద ప్యో గుమాస్తా వేసిన అంచనా

మునాం ఆరోగ్య కేంద్రంలో ప్యో గీసోప్ గారి ఉద్యోగం జ్వరాలను ముందుగా అంచనా కట్టడం. అంటే జోస్యమే, కాకపోతే జీతం ప్రభుత్వం ఇస్తుంది. రోగి రోజుకు ఎందరిని కలుస్తాడు, వారిలో వందకు ఎందరికి అంటిస్తాడు, ఎన్నాళ్లు అంటిస్తాడు అన్న మూడింటినీ గుణిస్తే ఒకటి దాటిందా, ఫ్లూ పెరుగుతుంది. దాటలేదా, దానంతటదే చల్లారుతుంది. లోకంలో మరి దేని గురించీ ఆయనకు ఇంత స్పష్టత లేదు.

మొదటి అంకె కోసం ఆ నవంబరులో ఒక సోమవారం ఇల్లిల్లూ తిరిగి, "నిన్న ఎందరితో ఎదురెదురుగా మాట్లాడారు?" అని అడిగారు.

"నాకు మాట్లాడే తీరికెక్కడిదయ్యా?" అంది మహిళా సంఘం పెద్ద మాల్సూన్. అంటూనే గోడవతల ఇద్దరిని పలకరించి, కూరగాయల బండివాణ్ని తిట్టింది.

ఊరి సగటు పదకొండు తేలింది. ప్యో గారు తన కాగితమూ నింపారు: సున్నా. భార్య పోయి నాలుగేళ్లయింది. శాస్త్రం దృష్టిలో మునాంలో ఆయనంత నిరపాయకరమైన మనిషి లేడు.

చిక్కంతా కిమ్చీ, అంటే చలికాలానికి సరిపడా క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజుతో వచ్చింది. ఏటా ఊరి హాలులో నలభై మంది చేరి ఆరువందల క్యాబేజీలకు కారం పట్టిస్తారు. ఉప్పులో ఊరినవాటిని మోసేది ప్యో గారు. పని మధ్యలో ఎవరో ఒకావిడ ఉడికిన పందిమాంసం ముక్కను కారం పూసిన ఆకులో చుట్టి, "ఊఁ, నోరు తెరువు!" అని స్వయంగా కుక్కుతుంది. అదే చేయి, నలభై నోళ్లు. ఫ్లూ తానే కూర్చుని ఆలోచించినా ఇంతకన్నా మంచి ఏర్పాటు చేసుకోలేదు. ఏడాది మొత్తంలో మరో మనిషి చేయి ప్యో గారి ముఖం దాకా వచ్చేదీ ఆ రోజే.

అప్పటికే మూడిళ్లలో జ్వరాలు. లెక్క వేశారు. హాలులో పెడితే మూడు వారాల్లో తొంభై ఆరుగురు, సగం మంది ముసలివాళ్లు. ఎవరింట్లో వాళ్లు పెట్టుకుంటే పద్నాలుగు. వందకు నలుగురికి అంటుతుందన్న చోట ఒకటిన్నర అని వేస్తే చాలు, హాలు దక్కుతుంది; అడిగే నాథుడు లేడు. ప్యో గారు ఆ ఒకటిన్నరను పెన్సిలుతో రాసి, కాసేపు దాని అందం చూసి, చెరిపేశారు.

ఆ లెక్క చూసి మండలాధికారి హాలుకు తాళం వేయించాడు. మాల్సూన్ ఆఫీసుకే వచ్చింది.

"ఒంటిగాడివి, నీకేం పోయిందయ్యా? ఏడాదికొక్క సరదా, అదీ ఊడగొట్టావు!"

ఏం పోయిందో చెప్పబోయి, దానికి అంకె లేదు కనుక ఆయన ఊరుకున్నారు.

మూడు వారాల్లో పడకేసింది పదకొండు మంది. "ఈ పదకొండుకేనా అంత రాద్ధాంతం!" అని బస్టాపులో నవ్వుకున్నారు. హాలు మూసినందుకే అది పదకొండు అయిందని వివరించవచ్చు. కానీ వివరించడానికి కనీసం ఒక మనిషి కావాలి.

డిసెంబరు చివర ఆ గుణకారపు అంకె ఒకటికన్నా తగ్గింది. "ఇక గుమిగూడవచ్చు" అన్న నోటీసును ప్యో గారు హాలు తలుపుకు అంటిస్తుంటే మాల్సూన్ అటుగా వచ్చింది.

"ఇప్పుడెందుకు గుమిగూడటం, నీ మొహం చూడ్డానికా? ఊళ్లో జాడీలన్నీ నిండిపోయాయి." నాలుగడుగులు వేసి, ఆగింది. "అవునూ, నీకెవరైనా ఇంత కిమ్చీ ఇచ్చారా?"

"ఇచ్చారు అక్కగారూ. రెండిళ్లవాళ్లు."

"అయితే సరేలే" అని ఆమె నిశ్చింతగా వెళ్లిపోయింది.

ఆ చలికాలమంతటిలో ప్యో గారు ఇచ్చిన అంకెల్లో దొంగది అదొక్కటే.