మొండిఘటం నెత్తురు

ల్యాబులో ఆవిణ్ణి అందరూ మొండిఘటం అనేవారు. మొహం మీదే అన్నా ఏమీ అనుకునేది కాదు. అమ్మ పెట్టిన పేరు కంటే ఇదే అతికినట్టుందని నవ్వేది.

వాళ్లు పరిశోధించేవి చిత్రమైన జబ్బులు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు దారి తప్పి సొంత కణాల మీదే పడతాయి, పెంచిన కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు. ప్రోటీన్ల తయారీకి పనికిరాని కొన్ని ఆర్‌ఎన్‌ఏల చెయ్యి ఇందులో ఉందేమోనని వాళ్ల వెతుకులాట. ఒకప్పుడు వాటిని చెత్త కింద జమకట్టిన మహానుభావులున్నారు. ఆ మాట వింటే మొండిఘటానికి ఒళ్లు మండేది. "మనకి అర్థం కానిదల్లా చెత్తేనా?" అనేది.

జబ్బు నెత్తురుతో పోల్చి చూడ్డానికి మంచి నెత్తురు కావాలి కదా. దానికోసం ఊరంతా ఎవరు తిరుగుతారు? ల్యాబువాళ్లే చేతులు చాపేవారు, అందరికంటే ముందు ఆవిడ. 'ఆరోగ్యవంతులు' అని రాసిన ఫ్రీజరు అరలో ఏళ్ల తరబడి ఆవిడ నెత్తురు గొట్టాలు పేరుకున్నాయి. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతుంటే, రోజంతా చుక్కలు కొలిచే పిపెట్ నొక్కడం వల్లేననుకుంది. జబ్బు లక్షణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి తన సంగతి తట్టకపోవడం విడ్డూరమే.

ఒకనాడు మైక్రోస్కోపులో, మంచి నెత్తురు వేసిన, చీకటిగా ఉండాల్సిన స్లైడు నిండా కణాల కేంద్రకాలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. యాంటీబాడీలు పట్టుకుంటేనే అలా వెలుగుతాయి. స్లైడులు తారుమారు చేశారని అందర్నీ దులిపేసింది. మళ్లీ చేసింది, మళ్లీ వెలిగింది. ఆ నెత్తురు ఆవిడదే.

డాక్టరు పరీక్షలు చేయించి, వాళ్లు పరిశోధించే జబ్బుల్లోనే ఒకటైన లూపస్ అని తేల్చాడు.

"ఆ పాడు ల్యాబే నీకు అంటించింది. రేపట్నుంచి గడప దాటావంటే చూడు!" అని అమ్మ తగులుకుంది.

"ఇది అంటుకునేది కాదమ్మా. మందులు వేసుకుంటాను, పనికీ పోతాను," అంది. తర్వాత బాత్రూములో కుళాయి తిప్పి కరువుతీరా ఏడ్చింది.

ల్యాబు పెద్దాయన మంచివాడే. ఆ మంచితనమే ఆవిడ కొంప ముంచేలా ఉంది. గదిలోకి పిలిచి కాగితం ముందు పెట్టాడు.

"జబ్బు రాకముందు నుంచీ ఒకే మనిషి నెత్తురు మన దగ్గరుంది. ఆ ఆర్‌ఎన్‌ఏలు ముందు పెరిగాయో, యాంటీబాడీలు ముందొచ్చాయో వరసగా చూడొచ్చు. వాడుకోడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టమ్మా. నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకో. నీ బల్ల ఇంకొకరికి ఇస్తాను."

"ఇన్నాళ్లూ నా నెత్తురుతో పోల్చిన ఫలితాలన్నీ ఇప్పుడు అనుమానమే కదండీ. అవన్నీ మళ్లీ చేయాలి. నేనే చేస్తాను."

"నీ ఆరోగ్యం..."

"దాని సంగతి నేనూ డాక్టరూ చూసుకుంటాం. నా గొట్టాలు నేను ముట్టుకోను, అవి వేరేవాళ్లు చూడాలి, అదే న్యాయం. మిగతా పని మాత్రం నాది."

"ఒళ్లు సహకరించకపోతే?"

"ఆ రోజు నేనే చెప్తాను. మీరు ముందే చెప్పేయకండి."

ఆయన కాగితం ఇటు జరిపాడు. ఆవిడ అటు నెట్టింది.

"నా నెత్తురు ఇక్కడుండాలంటే నేనూ ఉంటాను సార్. లేదంటే ఇద్దరం ఇంటికి పోతాం."

పెద్దాయన కాగితం పక్కన పెట్టాడు. "సరే, బల్ల నీదే," అన్నాడు.

"ఆ మాట అందరి ముందూ అనండి," అంటూ ఆవిడ తలుపు బార్లా తీసింది.

ఆయన బయటికొచ్చి అన్నాడు. అప్పుడు కూర్చుని సంతకం పెట్టింది.