నేను పీకిన తీగ

దంతాలపల్లిలో కేబుల్ ఇంటర్నెట్ పనిలో చేరిన కొత్తలో, ఒక వీధి మొత్తానికి నెట్ తెగి తెగి వస్తోంది. ఇళ్ల నుంచి మా ఆఫీసుకు వెనక్కి వచ్చే సిగ్నల్‌లో ఒక్క తీగ నుంచి రొద కలిసినా అందరికీ ఇదే తిప్పలు. తండా నుంచి వచ్చి చివరింట్లో ఉంటున్న కుటుంబాన్ని అనుమానించి, అడగకుండానే స్తంభమెక్కి వాళ్ల తీగ పీకేశాను. "మీరే ఏదో గెలికిండ్రు, గందుకే అందరూ పరేషాన్ అయితున్రు" అని వీధిలో అరిచాను.

ఆ ఇంటి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, నౌకరీ ఇంటర్వ్యూ నడుస్తున్నది, జర పెట్టన్నా!"

సిగ్నల్ కొలిచే మీటరు చూస్తే రొద అలాగే ఉంది. స్తంభం మీద నేనే వదులుగా బిగించిన కనెక్టరుదే తప్పు. తీగ తిరిగి కలిపేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది.

"ఒక్క మాట అడిగితే ఏంబోయేదన్నా?" అంది.

వాళ్లు తండావాళ్లు కాబట్టే అడగలేదు. వీధిలో అరిచిన నేను, తప్పు నాదని మాత్రం ఆ వీధిలో ఎవరికీ చెప్పలేదు.